బడిపిల్లల్లో తక్కువ బరువు: గీత ఎవరు గీశారు, ఎప్పుడు మార్చారు

పదేళ్లు నిండిన అబ్బాయి, బరువు 23 కిలోలు, ఎత్తు 130 సెంటీమీటర్లు. బీఎంఐ, అంటే కిలోల బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె, 13.6. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఆ వయసు అబ్బాయికి బక్కతనపు గీత 13.7, దాని కిందకు వచ్చాడు కాబట్టి బక్కపిల్లల లెక్కలో పడతాడు. కొలిచేటప్పుడు మోకాళ్లు కాస్త వంచి 129 చూపించాడా, బీఎంఐ 13.8కి చేరి లెక్కలోంచి తప్పుకుంటాడు. మధ్యాహ్న భోజనం చేశాక తూచి 300 గ్రాములు ఎక్కువొచ్చినా అంతే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల బడుల్లో తీసే ఏ శాతానికైనా పునాది ఇంత సన్నగానే ఉంటుంది.

మొదట్లో ఈ గీతలన్నీ అయిదేళ్ల లోపు పిల్లల కోసం పుట్టినవే. మెక్సికో వైద్యుడు గోమెజ్ 1956లో వయసుకు తగ్గ బరువును శాతాలుగా విడగొట్టారు. 1972లో ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వయసుకు ఉండాల్సిన బరువులో 80 శాతం దాటితే మామూలేనంది. అకాడమీ లెక్కకు ఆధారం అమెరికా పిల్లల హార్వర్డ్ కొలతలే. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన కొత్త ప్రమాణాల్లో ఢిల్లీ పిల్లలూ ఉన్నారు గానీ అవీ అయిదేళ్లకే ఆగాయి. 5 నుంచి 19 ఏళ్ల వారికి పట్టికలు 2007లో వచ్చాయి. వాటిలోనూ వయసుకు బరువు పదేళ్ల దాకే. యవ్వనపు ఎదుగుదల ఒకరికి ముందు, ఒకరికి వెనక మొదలవుతుంది. అప్పుడు బరువు ఒక్కటే చూస్తే పొడుగ్గా ఎదిగినవాడు లావుగా ఉన్నట్టు కనిపిస్తాడు. అందుకే పదేళ్లు దాటాక బీఎంఐ ఒక్కటే. ఆ వయసు పిల్లల నడిమి విలువకు (మధ్యస్థానికి) రెండు ప్రామాణిక విచలనాల (పిల్లల మధ్య మామూలుగా ఉండే తేడాకు కొలమానం) కిందకు పోతే బక్కతనం, మూడు దాటితే తీవ్రం.

అదే 2007లో బ్రిటన్ గణాంక నిపుణుడు టిమ్ కోల్ బృందం పద్దెనిమిదేళ్లకు 18.5, 17, 16 బీఎంఐల దగ్గర ముగిసేలా మరో మూడు గీతలు గీసింది. 2015లో మన పీడియాట్రిక్స్ అకాడమీ సొంత చార్టులు వేసింది. కొలతలు అవే అయినా ఏ పట్టిక పెడితే ఆ శాతం వస్తుంది. పట్టిక పేరు చెప్పని నివేదికను పక్కన పెట్టేయడమే మంచిది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పిల్లల్లో అయిదేళ్ల లోపు వారిని, పెద్దల్లో 15 దాటిన వారిని తూస్తుంది. నడుమ ఉన్న బడి వయసు ఖాళీ. 2016–18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ఆ ఖాళీని పూరిస్తూ 5–9 ఏళ్ల వారిలో 23 శాతం బక్కగా ఉన్నారని తేల్చింది. అది దేశం మొత్తం లెక్క. జిల్లాల అంకెలు అందులో ఉండవు.

జిల్లాలో పాత అంకెతో కొత్తది పోల్చాలంటే హద్దులూ అడ్డొస్తాయి. 1970లో ప్రకాశం ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి కొంత భాగం పోయింది. 2022లో కందుకూరు తిరిగి నెల్లూరులో కలిసింది, చీరాల, అద్దంకి బాపట్లకు వెళ్లాయి. మండలాల వారీగా ముడి కొలతలు దాచి ఉంటే తప్ప పోలిక కుదరదు.

కొలతలో ఎక్కువ పొరపాట్లు వయసు దగ్గరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో అబ్బాయిల గీత పదేళ్లకు 13.7, పదకొండుకు 14.1, కాబట్టి వయసు నెలల్లో లెక్కించాలి. రిజిస్టర్‌లో జూన్ పుట్టినరోజులు గుట్టగా కనిపిస్తే అవి బడిలో చేర్చడానికి వేసినవని అనుమానించి జనన ధ్రువపత్రం అడగాలి. తూకం యంత్రాన్ని గట్టి బండ మీద పెట్టి, తెలిసిన బరువుతో రోజూ సరిచూడాలి. చెప్పులు, బెల్టు తీయించాలి, జడ ముడి విప్పించాలి, చూపు నేరుగా ఉండాలి. ఎత్తు రెండుసార్లు తీసి, తేడా అర సెంటీమీటరు దాటితే మూడోసారి తీయాలి.

కనిగిరి, దర్శి, పొదిలి వైపు ఇంకో చిక్కుంది. దేశంలో ఫ్లోరోసిస్ (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) మొదట 1937లో నమోదైంది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కాళ్లు వంకరపోయిన పిల్లల ఎత్తు తక్కువగా వస్తుంది, బీఎంఐ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, బక్కతనం దాగిపోతుంది. వారిని విడిగా రాసుకోవాలి.

నమూనా సంగతి: 23 శాతం వచ్చిందనుకుంటే, 100 మందిని తూస్తే అటూ ఇటూ 8 శాతం, 400 మందైతే 4 శాతం తేడా సహజం. ఒకే బడి పిల్లలు ఒకరినొకరు పోలి ఉంటారు కనుక బడులవారీగా ఎంచుకున్నప్పుడు దాదాపు రెట్టింపు మంది కావాలి. ఆ రోజు రానివాళ్ల కోసం మళ్లీ వెళ్లాలి. వలసపోయిన ఇళ్ల పిల్లలు, జ్వరంతో పడుకున్నవాళ్లు ఆ జాబితాలోనే ఉంటారు.