జనవరిలో తెరిచిన కిటికీలు

న్యూయార్క్‌లో జనవరి అంటే ఎముకలు కొరికే చలి. అయినా వందేళ్ల నాటి ఇటుక అపార్ట్‌మెంట్ల ముందు నిలబడి తలెత్తి చూస్తే, ఎన్నో కిటికీలు బార్లా తెరిచి ఉంటాయి. లోపల జనం బనియన్ల మీద తిరుగుతుంటారు. ఉద్యోగానికో చదువుకో వెళ్లి, జెర్సీ సిటీ లాంటి చోట పాత బిల్డింగ్‌లో అద్దెకు దిగిన మనవాళ్లకు మొదటి చలికాలంలో రెండు విషయాలు అంతుబట్టవు. బయట మంచు పడుతుంటే గదిలో ఈ ఉక్కేమిటి? అర్ధరాత్రి గోడలో ఆ ఠంగు ఠంగుమనే మోతేమిటి? రెండింటికీ కిటికీ కింద ఉండి గదిని వేడి చేసే ఇనప రేడియేటర్‌నే తిట్టుకుంటారు. నిజానికి ఆ వేడి అప్పటి ఇంజనీర్లు కావాలని పెట్టింది. మోత మాత్రం కొంత ఇంటి వయసు వల్ల, కొంత తర్వాత వచ్చినవాళ్ల నిర్వాకం.

బేస్‌మెంట్‌లో బాయిలర్ ఉంటుంది. ఒకప్పుడు దానికి బొగ్గు వేసేవారు, తర్వాత ఆయిల్ వచ్చింది, ఇప్పుడు చాలా చోట్ల గ్యాస్. నీరు మరిగి ఆవిరైతే సుమారు 1,600 రెట్లు వ్యాకోచిస్తుంది. కాబట్టి పంపుతో పని లేదు, ఆరో అంతస్తు దాకా ఆవిరి తనంతట తానే ఎక్కిపోతుంది. రేడియేటర్‌లోని చల్లటి పోత ఇనుము తగలగానే మళ్లీ నీరవుతుంది. అసలు కథంతా ఇక్కడే ఉంది. ఒక గ్రాము నీటిని 0 నుంచి 100 డిగ్రీలకు వేడి చేయడానికి 100 కేలరీలు చాలు. అదే గ్రాము ఆవిరి, 100 డిగ్రీల దగ్గరే ఉండి నీరుగా మారేటప్పుడు 540 కేలరీలు వదిలేస్తుంది. దీన్నే గుప్తోష్ణం అంటారు. ఇడ్లీ పాత్ర మూత తీస్తూ చెయ్యి కాల్చుకున్నవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

పాత ఇళ్లలో చాలా వాటికి రేడియేటర్‌కు ఒకటే పైపు. ఆవిరి పైకి వెళ్లేదీ, నీరు కిందికి దిగేదీ అందులోనే. రెండూ ఎదురెదురుగా నడవాలంటే నీరు ఎక్కడా నిలవకూడదు. అందుకే రేడియేటర్‌ను, పైపు కలిసే చోట ఉన్న వాల్వ్ వైపుకు కాస్త వాలుగా బిగిస్తారు. రెండో చివర బొటనవేలంత ఎయిర్ వెంట్ ఉంటుంది. బాయిలర్ ఆగి ఉన్నప్పుడు రేడియేటర్ నిండా గాలే. ఆ గాలి బయటికి పోతే తప్ప ఆవిరికి చోటు దొరకదు. బాయిలర్ మొదలైన కాసేపటికి వినిపించే బుస్సుమనే శబ్దం ఆ గాలిదే. ఆవిరి వచ్చి తగలగానే వెంట్ మూసుకుంటుంది. గది వేడెక్కాక కూడా బుస కొడుతూనే ఉంటే, గోడ తడుస్తుంటే, వెంట్ పాడైందని అర్థం. మార్చేయడమే.

ఇక మోత సంగతి. వందేళ్లలో నేల కొద్దిగా కుంగుతుంది. పైపును పట్టుకున్న కొక్కెం సడలుతుంది. వాలు పోయి ఒక మూల నీళ్లు నిలుస్తాయి. మర్నాడు తెల్లవారుజామున ఆవిరి దూసుకొచ్చి ఆ నీళ్లను ముద్దగా లేపి తీసుకెళ్లి మలుపు దగ్గర ఇనుముకేసి కొడుతుంది. ఒక్కోసారి చల్లటి నీళ్ల మధ్య చిక్కుకున్న ఆవిరి ఉన్నట్టుండి నీరైపోతుంది. అప్పుడు ఏర్పడిన ఖాళీలోకి చుట్టూ ఉన్న నీరు ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఆ దెబ్బ ఇంకా గట్టిది. దీన్ని వాటర్ హ్యామర్ అంటారు. దీనికి ఇంకో కారణం మన చేతుల్లోనే ఉంది. ఉక్కగా ఉందని వాల్వ్‌ను సగం తిప్పి వదిలేస్తారు. కుళాయికి చెల్లే సూత్రం ఇక్కడ చెల్లదు. సగం తెరిచిన వాల్వ్‌లోంచి ఆవిరి లోపలికి రాగలదు గానీ, దానికి ఎదురుగా నీరు దిగలేదు. ఒంటి పైపు రేడియేటర్ వాల్వ్ పూర్తిగా తెరిచి ఉండాలి, లేదా పూర్తిగా మూసి ఉండాలి.

చాలాసార్లు మందు కూడా చవకే. రేడియేటర్ మీద రసమట్టం పెట్టి చూసి, వెంట్ ఉన్న వైపు కాళ్ల కింద రెండు సన్నటి చెక్క ముక్కలు దోపితే సరిపోతుంది. ఇది తెలియనివాళ్లు బేస్‌మెంట్‌లోకి దిగి బాయిలర్ ప్రెషర్ పెంచుతారు. అది వట్టి దండగ. ఇంటి బాయిలర్‌కు చదరపు అంగుళానికి 2 పౌండ్ల లోపు ప్రెషర్ చాలు. దాన్ని 10 పౌండ్లకు పెంచినా ఆవిరి ఉష్ణోగ్రత 115 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. పెరిగే వేడి కొంచెం, మండే ఇంధనం ఎక్కువ, వెంట్లు త్వరగా పాడవడం అదనం.

అయితే అంత పెద్ద రేడియేటర్లు ఎందుకు పెట్టారు? అమెరికా అంతర్యుద్ధం తర్వాత లూయిస్ లీడ్స్ అనే ఇంజనీర్, మూసిన గదిలో మనం వదిలిన ఊపిరే మనకు విషమని ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. స్వచ్ఛమైన గాలి కోసం పెద్ద ఉద్యమమే నడిచింది. ఆ తర్వాత 1918 ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. చలికాలమైనా సరే కిటికీలు తెరిచి పెట్టుకోండని ఆరోగ్య అధికారులు చెప్పారు. దానికి తగ్గట్టే, ఏడాదిలో అతి చల్లటి రోజున కిటికీలు తెరిచి ఉన్నా గది వెచ్చగా ఉండేలా ఇంజనీర్లు లెక్క కట్టి బాయిలర్లూ రేడియేటర్లూ అమర్చారు. ఊపిరిలో విషం ఉందన్న వాదన నిలబడలేదు. కానీ గాలి ఆడే గదిలో రోగం తక్కువగా వ్యాపిస్తుందన్నది నిజమేనని 2020 తర్వాత మనకెవరూ చెప్పక్కర్లేదు. కారణం తప్పు, పని ఒప్పు. సైన్స్ చరిత్రలో ఇలాంటివి బోలెడు.

తర్వాత కిటికీలు మూసుకున్నాయి, వాటికి రెండు పొరల అద్దాలు వచ్చాయి, రేడియేటర్లు మాత్రం అవే. పైగా న్యూయార్క్ నగర నిబంధన ప్రకారం అక్టోబర్ 1 నుంచి మే 31 వరకు, పగటిపూట బయట 55 ఫారెన్‌హీట్ కంటే తగ్గితే ఇంట్లో కనీసం 68, అంటే 20 సెల్సియస్ ఉండాలి. బిల్డింగ్ మొత్తానికీ బాయిలర్ ఒకటే. చివరి ఫ్లాట్‌లో ఆ 68 వచ్చేదాకా మండిస్తే, బాయిలర్‌కు దగ్గరున్న ఫ్లాట్లు ఉడికిపోతాయి.

చాలా రేడియేటర్ల మీద కనిపించే వెండి రంగు వెనక కూడా ఫిజిక్స్ ఉంది. అల్యూమినియం పొడి కలిపిన పెయింట్ ఉష్ణ కిరణాలను మామూలు పెయింట్ కంటే బాగా తక్కువగా వెదజల్లుతుంది. కాబట్టి రేడియేటర్ గదికిచ్చే వేడి కొంత తగ్గుతుంది. కింద ఎన్ని పూతలున్నా ఫర్వాలేదు, లెక్కలోకి వచ్చేది పై పూతే. వేడి మరీ ఎక్కువగా ఉన్న గదికి ఇది ఉపాయమే. చలిగా ఉన్న గదిలో వెండి రంగు మీద మామూలు పెయింట్ వేస్తే కొంత లాభం. రేడియేటర్‌కు అందమైన చెక్క పెట్టె తొడిగినా వేడి తగ్గుతుంది, గాలి సరిగా ఆడదు కాబట్టి.

వేడిని తగ్గించడానికి ఇంతకంటే తెలివైన పరికరం ఒకటుంది. ఒంటి పైపు రేడియేటర్‌కు, ఎయిర్ వెంట్‌కు మధ్య ఒక థర్మోస్టాట్ వాల్వ్ బిగిస్తారు. అది ఆవిరిని ముట్టుకోదు, గాలిని ఆపుతుంది. గది తగినంత వెచ్చగా ఉంటే మూసుకుపోతుంది. గాలి బయటికి పోలేదు కాబట్టి ఆవిరి లోపలికి రాలేదు. చిక్కల్లా ఒకటే. ఆవిరి ఒకసారి లోపలికి చేరాక ఆ వాల్వ్ చేసేదేమీ లేదు. బాయిలర్ ఆగి, రేడియేటర్ చల్లారి, మళ్లీ గాలి నిండేదాకా ఆగాల్సిందే.