దాగ అంటే బాకు, దగ' అంటే ఎలుక

ఫిలిప్పీన్స్ యుద్ధవిద్యలో 'ఎస్పాద ఇ దాగ' అనే సాధన ఉంది. ఒక చేతిలో పొడవాటి కత్తి, రెండో చేతిలో బాకు పట్టుకుని చేస్తారు. పేరు స్పానిష్ నుంచి వచ్చింది. ఎస్పాద అంటే కత్తి, దాగ అంటే బాకు, మధ్యలో ఉన్న 'ఇ' ఆ రెంటినీ కలుపుతుంది. ఇప్పుడు ఈ 'దాగ'లో దీర్ఘం తీసేసి, ఒత్తంతా (ఒత్తక్షరం కాదు, నొక్కి పలకడం) 'గ' మీద పెట్టి, చివర గొంతు టక్కున మూసి చూడండి. దగ' అని వినిపిస్తుంది. ఫిలిప్పీన్స్‌లో ఎక్కువమందికి తెలిసిన తగాలొగ్ భాషలో దానికి ఎలుక అని అర్థం. మామూలు రాతలో రెంటికీ స్పెల్లింగ్ ఒకటే: డి, ఏ, జి, ఏ.

మనకు ఈ మాటలు ఎక్కువగా అమెరికన్ల వీడియోల్లో తగులుతాయి. వాళ్ళు ఒక మడతకత్తిని 'బాలిసాంగ్' అంటే మనమూ బాలిసాంగ్ అంటాం. 'ఎస్పాడా' అంటే ఎస్పాడా అని రాసుకుంటాం. నాకు ఇది చుట్టుదారిగా కనిపిస్తుంది. తగాలొగ్ నుంచి తెలుగుకు తిన్నగా బాట ఉంది. ఆ మాటలకు కావలసిన ధ్వనుల్లో చాలావరకు మన నోట్లో ముందే ఉన్నాయి, కొన్నిటికి మన అక్షరమాలలో అక్షరాలు కూడా ఉన్నాయి.

ముందు త, ద సంగతి. ఇంగ్లీషు టి, డి పలికేటప్పుడు నాలుక పళ్ళకు తగలదు, పళ్ళ వెనకున్న గట్టు మీద ఆగుతుంది. మన చెవి దాన్ని ట, డ కింద జమ కట్టేసింది. టికెట్, డాక్టర్ అలా వచ్చినవే. ఆ అలవాటుతోనే కొత్త విదేశీ మాట ఏది కనబడినా ట, డ వేసేస్తాం. తగాలొగ్‌లో మాత్రం నాలుక పళ్ళనే తాకుతుంది, అచ్చం మన త, ద లాగే. అందుకే దాగ, ఎస్పాద, ఇతక్. ఇతక్ అంటే పల్లెల్లో కొబ్బరికాయ కొట్టడం దగ్గర్నుంచి పొదలు నరకడం దాకా అన్నిటికీ వాడే వేటకత్తి. క, ప విషయంలోనూ అంతే. 'పకల్' అనే మాట మొదట్లోని 'ప'ను ఇంగ్లీషువాళ్ళు గాలి వదులుతూ పలుకుతారు. నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని మన 'పప్పు' అనండి, చేతికి గాలి దాదాపు తగలదు. తగాలొగ్‌వాళ్ళ 'ప' కూడా అదే. కత్తి మొన కిందికి ఉండేలా పిడికిట్లో పట్టుకోవడాన్ని ఈ విద్యలో పకల్ అంటారు. మొన పైకి ఉండేలా పట్టుకుంటే సక్‌సక్.

సక్‌సక్ అంటే పొడవడం. అదే మాటను మనీలా ఇళ్ళల్లో రోజూ వింటారు, ఎందుకంటే చార్జర్ ప్లగ్గులో పెట్టడానికీ వాళ్ళు 'ఇసక్‌సక్' అనే అంటారు.

ఈ మాటల్లో మనవాళ్ళు ప్రత్యేకంగా పొరపడే చోటు ఒకటుంది. తెలుగు అజంత భాష. మాట చివర హల్లు ఉంటే మనకు తోచదు, ఒక 'ఉ' తగిలించి బస్సు, కారు, బల్బు చేసుకుంటాం. సక్‌సక్, పకల్, ఇతక్ అనేటప్పుడు ఆ 'ఉ' రాకూడదు. 'ఇతక్' చివర నాలుక వెనక భాగం అంగిటికి అతుక్కుని అక్కడే ఉండిపోవాలి, విడిచిన చప్పుడు కూడా బయటికి రానక్కర్లేదు. కరంబిత్ కూడా ఇలాగే. పులిగోరులా వంగిన ఆ చిన్న కత్తి నిజానికి సుమత్రా దీవిలోని మినాంగ్‌కబావు ప్రజలది, ఫిలిప్పీన్స్ సాధనలోకి తర్వాత చేరింది. దాని చివరి 'త్' దగ్గర నాలుక పళ్ళకు ఆని ఆగిపోవాలి, అంతే.

ఇక దీర్ఘాల సంగతి చూద్దాం. తగాలొగ్‌లో ఒత్తు మారితే అర్థం మారుతుంది. 'బూకస్' అంటే రేపు, 'బుకస్' అంటే తెరిచి ఉన్నది. 'బూహయ్' అంటే జీవితం, 'బుహయ్' అంటే బతికి ఉన్నది. నిఘంటువుల్లో ఒత్తు గుర్తులు ఉంటాయి గానీ పేపర్లలో, పుస్తకాల్లో మామూలుగా వెయ్యరు. తెలుగువాళ్ళకు ఇక్కడ గొప్ప వెసులుబాటు ఉంది. మాట చివర కాకుండా ముందున్న అక్షరం మీద ఒత్తు పడి, ఆ అక్షరం అచ్చుతో ముగిస్తే, ఆ అచ్చు సాగుతుంది. అంటే మన దీర్ఘమే. కాబట్టి దాగ, కాలి, ఎస్క్రీమ, సినవాలి అని దీర్ఘం పెట్టి రాసుకుంటే చదవగానే సరిగ్గా వచ్చేస్తుంది. ఒత్తు చివరి అక్షరం మీద ఉంటే దీర్ఘం అక్కర్లేదు, చివర కాస్త నొక్కితే చాలు: ఇతక్, అర్నిస్. ఇంగ్లీషు లిపిలో పడే తికమక తెలుగు లిపిలో చాలామటుకు తీరిపోతుంది. కాలి అనేది 'కాళి' కాదని కూడా చెప్పాలి. వాళ్ళకు ళ, ణ ధ్వనులు లేవు.

కాలి, ఎస్క్రీమ, అర్నిస్ మూడూ దాదాపు ఒకే విద్యకు పేర్లు. ఎస్క్రీమకు మూలం స్పానిష్‌లో కత్తిసామును చెప్పే మాట, అర్నిస్‌కు మూలం కవచాన్ని చెప్పే మాట. 2009 డిసెంబర్ 11న వచ్చిన 9850వ నంబరు చట్టం అర్నిస్‌ను ఫిలిప్పీన్స్ జాతీయ యుద్ధవిద్యగా, జాతీయ క్రీడగా ప్రకటించింది.

అన్నిటికంటే ఎక్కువ తప్పు పలికే మాట మాత్రం బలిసొఙ్. రెండు పిడుల మధ్య అలుగు దాక్కుని, మణికట్టు తిప్పితే సీతాకోకచిలుక రెక్కల్లా పిడులు విచ్చుకునే కత్తి అది. బతంగాస్ రాష్ట్రంలో తాల్ పట్టణం కింద బలిసొఙ్ అనే పేటే ఉంది, ఈ కత్తుల తయారీకి పేరుపడిన చోటు. 'బాలి'' అంటే విరగడం, 'సూఙయ్' అంటే కొమ్ము. పిడులను కొమ్ముతో చేసేవారు గనక ఆ రెండూ కలిసి ఈ పేరు వచ్చిందని చెబుతారు.

దీని చివర 'గ్' లేదు. ఎన్, జి అని రెండు అక్షరాలు రాసినా పలికేది ఒకే ధ్వని. తగాలొగ్ ఆధారంగా ఏర్పడిన జాతీయ భాష ఫిలిపినో. 1987లో స్థిరపడిన దాని వర్ణమాల 28 అక్షరాలది, అందులో ఈ జంటను ఒక్క అక్షరంగానే లెక్కిస్తారు. ఆ ధ్వని ఎలాంటిదో తెలియాలంటే 'గంగ' అనబోయి, రెండో 'గ' నోట్లోంచి బయటపడకముందే ఆగిపోండి. ముక్కులో మోగుతూ మిగిలిందే అది. చిన్నప్పుడు క ఖ గ ఘ ఙ అని వల్లె వేసినప్పుడు ఆ ఐదో అక్షరం ఎందుకుందో నాకు అర్థమయ్యేది కాదు. తెలుగులో దాన్ని ఎప్పుడూ సున్నా వెనకే దాచేస్తాం, విడిగా పనే ఉండదు. తగాలొగ్‌లో అది మాట మొదట్లో కూడా వస్తుంది. పన్నును 'ఙీపిన్' అంటారు. ఇన్నాళ్ళూ పాఠం వరకే ఉన్న అక్షరానికి ఇన్ని కోట్లమంది నోళ్ళలో రోజూ పనుందని తెలిసినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది.

ఈ ధ్వని యూరప్ చెవికి మొదటి నుంచీ చిక్కలేదు. 1521లో నావికుడు మాగెల్లన్ వెంట ఫిలిప్పీన్స్‌లోని సెబు దీవికి వచ్చిన ఇటలీవాడు పిగఫెత్తా అక్కడి మాటలు వందకు పైగా రాసుకున్నాడు. కత్తి దగ్గర అతను రాసినది 'సుందన్'. సెబు ప్రజలు ఇప్పటికీ కత్తిని 'సుందఙ్' అంటారు.

మాట చివర గొంతు మూసే ధ్వని గురించి మొదట్లో అన్నాను. అది మన లిపిలో లేదు గానీ మన నోటికి కొత్త కాదు. పాకే పిల్లాడు వేడి గిన్నె మీద చెయ్యి వెయ్యబోతే 'అ-అ' అంటాం కదా, ఆ రెండు 'అ'ల మధ్య గొంతు ఒక్కసారి మూసుకుంటుంది. అదే. సాధన నేర్పే గురువును తగాలొగ్‌లో 'గూరొ'' అంటారు, చివర ఆ మూత ఉంటుంది. సంస్కృతంలోని గురువే మలయ్ దారిలో అక్కడికి చేరాడు. ముఖం కూడా చేరింది, కానీ వాళ్ళకు మహాప్రాణాలు లేవు గనక 'ఖ' రెండుగా చీలి 'ముక్‌హ'' అయింది. 'ముఖా' అంటే అది మన పలుకే అవుతుంది తప్ప వాళ్ళది కాదు.

కొన్ని పేర్లు కొరుకుడు పడనట్టు కనిపిస్తాయి గానీ లోపల తెలిసిన మాటే ఉంటుంది. తగాలొగ్‌లోనూ అక్కడి చాలా భాషల్లోనూ మాటకు ముందో వెనకో కాదు, నడుమ ప్రత్యయం దూరుతుంది. మొదటి హల్లు తర్వాత '-ఇన్-' చేరిస్తే 'అలా చేసినది' అనే అర్థం వస్తుంది. 'సవాలి' అంటే వెదురు తడిక. నడుమ 'ఇన్' చేరితే 'సినవాలి', తడికలా అల్లినది. రెండు చేతుల్లో రెండు కర్రలో కత్తులో పట్టుకుని పైకీ కిందికీ అల్లినట్టు తిప్పే సాధనకు అంతకంటే తగిన పేరు ఉండదు. 'గుంతిఙ్' అంటే కత్తెర, దాన్నుంచి 'గినుంతిఙ్' అనే కత్తి. 'పుతి'' అంటే తెలుపు, దాన్నుంచి సెబు దీవిలోని 'పినుతి'', నూరగా నూరగా అంచు తెల్లగా మెరిసే కత్తి. ఈ కిటుకు తెలిస్తే ఆ పేర్లను బట్టీ పట్టక్కర్లేదు.

స్పానిష్ నుంచి వచ్చిన పేర్లను స్పానిష్ లెక్కలోనే చదవాలి. 1932లో సెబులో పుట్టిన ప్రసిద్ధ సంఘం పేరు దోసె పారెస్, అంటే పన్నెండు జతలు. మొదటి మాట అచ్చం మన దోసెలాగే. బలిసొఙ్‌కు 'బేంతె నువేబె' అనే ఇంకో పేరుంది, ఇరవై తొమ్మిది అని అర్థం. స్పానిష్‌లో 'వి' అక్షరానికి 'బ' పలుకు గనక దాన్ని 'వ'తో మొదలుపెట్టకూడదు. వంటింటి కత్తిని 'కుత్సిల్యొ' అంటారు, కుచిల్యొ అనేవారూ ఉన్నారు. స్పానిష్‌వాళ్ళ నోట మాట మొదట్లో 'స్క', 'స్ప' తిన్నగా రావు, ముందు ఒక అచ్చు చేరుతుంది. ఎస్పాద, ఎస్క్రీమ అలా అయినవే. మన పెద్దవాళ్ళ 'ఇస్కూలు' కూడా అదే పని.

ఫిలిప్పీన్స్ నడుమనున్న విసయ దీవుల్లో బాకును 'బరవ్' అంటారు. ఇంగ్లీషులో ఏ, డబ్ల్యూ చూడగానే 'సా', 'రా' అని చదివే అలవాటుతో దీన్ని 'బరా' చెయ్యకండి, చివర పెదాలు గుండ్రంగా దగ్గరకు రావాలి.

అచ్చుల్లో ఇ, ఎ మధ్యా, ఉ, ఒ మధ్యా తేడా ఈ భాషల్లో మొదట లేదు. మన లిపిలాగే బ్రాహ్మి కుటుంబానికి చెందిన వాళ్ళ పాత లిపి బైబాయిన్‌లోనూ ఇ, ఎలకు ఒకే గుర్తు, ఉ, ఒలకు ఒకే గుర్తు. మాట చివరి హల్లును అందులో అసలు రాసేవారే కాదు, అంటే బలిసొఙ్ 'బలిసొ'గా మిగిలేది. 1620 ప్రాంతంలో ఫ్రాన్సిస్కో లోపెజ్ అనే స్పానిష్ ఫాదరీ పొల్లుకు గుర్తుగా చిన్న శిలువ ఆకారం చేర్చాడు గానీ అక్కడివాళ్ళు దాన్ని అంతగా పట్టించుకోలేదు.

దక్షిణాన సులు దీవుల తౌసుగ్ భాషలో ఇప్పటికీ అ, ఇ, ఉ మూడే అచ్చులు. తమలపాకులా వెడల్పైన అలుగుతో ఉండే వాళ్ళ కత్తిని పుస్తకాల్లో 'బరొఙ్' అని రాస్తారు, వాళ్ళు 'బరుఙ్' అంటారు. తగాలొగ్ వాళ్ళకు 'బారొఙ్' అంటే పెళ్ళిళ్ళకు వేసుకునే పల్చటి చొక్కా. ఫిలిప్పీన్స్ దక్షిణాన ఉన్న దావావో నగరంలో మెడిసిన్ చదువుతున్న మన పిల్లలు చాలామంది ఉన్నారు. అక్కడి వీధుల్లో ఎక్కువగా వినిపించేది సెబు భాష, కాబట్టి సుందఙ్ చివర ఆ 'ఙ' ఎలా మోగుతుందో వినడానికి వాళ్ళు దగ్గర్లోని సంతలో చేపలు కోసే చోటికి వెళ్ళి నిలబడితే చాలు.