పండగ గోదాలో చోటు లేదు, ఒలింపిక్స్‌లో పతకం వచ్చింది

2012 లండన్ ఒలింపిక్స్. మహిళల 63 కిలోల ఫ్రీస్టైల్ కుస్తీలో మంగోలియా అమ్మాయి సొరొంజొన్‌బోల్డ్ బత్‌సెత్సెగ్ కాంస్యం గెలిచింది. మొదటిది తండ్రి పేరు. ఆమె సొంత పేరు బత్‌సెత్సెగ్‌కు మంగోల్ భాషలో ‘గట్టి పువ్వు’ అని అర్థం. ఒలింపిక్ కుస్తీలో పతకం సాధించిన తొలి మంగోలియా మహిళ ఆమే. అప్పటికి 22 ఏళ్లు.

కుస్తీ అంటే ప్రాణం పెట్టే దేశమది. 1968లో మెక్సికో సిటీలో వాళ్లకు మొట్టమొదటి ఒలింపిక్ పతకాలు వచ్చాయి. ఆ నాలుగూ కుస్తీలోనే వచ్చాయి. తెచ్చినవాళ్లంతా మగవాళ్లు. కుస్తీలో ఆడవాళ్ల వంతు రావడానికి ఇంకో 44 ఏళ్లు పట్టింది.

కారణం తెలియాలంటే నాదమ్ పండగ దగ్గరికి వెళ్లాలి. ఏటా జూలైలో జరిగే ఈ పండగలో కుస్తీ, గుర్రప్పందేలు, విలువిద్య ముఖ్యం. వీటిని ‘మగవాళ్ల మూడు ఆటలు’ అంటారు. విలువిద్యలో, గుర్రప్పందేల్లో ఇప్పుడు ఆడపిల్లలూ ఉన్నారు. ‘బోఖ్’ అనే సంప్రదాయ కుస్తీలో మాత్రం లేరు. అందులో వేసుకునే ‘జోదగ్’ అనే చొక్కాకు ఛాతీ భాగం తెరిచే ఉంటుంది. ఒకప్పుడు ఓ స్త్రీ మగవేషంలో వచ్చి అందరినీ ఓడించిందనీ, మళ్లీ అలా జరగకూడదని చొక్కాను ఇలా మార్చారనీ అక్కడ చెప్పుకుంటారు. ఆమె గెలుపును మెచ్చుకోవడం పోయి చొక్కా మార్చారన్న ఆ కథ వింటే నాకు బాధేస్తుంది. ఎందుకంటే అదే గడ్డ మీద ఖుతులున్ పేరు కూడా ఉంది. 13వ శతాబ్దంలో మంగోల్ పాలకుడు కైదు ఖాన్ కూతురైన ఈమె, తనను కుస్తీలో ఓడించినవాణ్నే పెళ్లాడతానని పందెం కట్టి, ఓడినవాళ్ల నుంచి పది వేలకు పైగా గుర్రాలు గెలిచిందని మార్కో పోలో చెప్పాడు.

ఆడవాళ్లకు దారి బయటి నుంచి తెరుచుకుంది. 1987లో నార్వేలో తొలి మహిళల ప్రపంచ కుస్తీ పోటీలు జరిగాయి. 2004 ఏథెన్స్‌లో ఒలింపిక్స్‌లోకీ వచ్చాయి. బోఖ్‌లో బరువు తరగతులుండవు, టైమ్ లిమిట్ ఉండదు. పాదాలు, అరచేతులు తప్ప ఒంట్లో ఏ భాగం నేలకు తగిలినా ఓటమే. ఫ్రీస్టైల్‌లో ఆట కింద పడ్డాక కూడా నడుస్తుంది. రెండు భుజాలూ మ్యాట్‌కు ఆనితేనే చిత్తు.

ఈ ఆటలోనే 2010లో మాస్కోలో 59 కిలోల విభాగంలో బత్‌సెత్సెగ్ ప్రపంచ ఛాంపియన్ అయింది. నాదమ్‌ను యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చిందీ ఆ ఏడాదే. లండన్ పతకం తర్వాత 2015లో లాస్ వెగాస్‌లో 63 కిలోల్లో మళ్లీ ప్రపంచ టైటిల్ కొట్టింది. అయిదేళ్ల తేడాతో, వేరే బరువులో మళ్లీ శిఖరానికి రావడం నా దృష్టిలో ఆమె కెరీర్‌లోనే పెద్ద విషయం.

2016 రియోలో మాత్రం మంగోలియా మహిళా రెజ్లర్లకు పతకం దక్కలేదు. మన సాక్షి మలిక్ కాంస్యం దారిలో ఓడించినవాళ్లలో ఒర్ఖోన్ అనే మంగోలియా అమ్మాయి ఉంది. ఆ ఒర్ఖోనే మరుసటి ఏడాది ప్రపంచ ఛాంపియన్ అయింది. 2018లో డోపింగ్‌లో దొరికి ఆసియా క్రీడల స్వర్ణం పోగొట్టుకుంది.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 53 కిలోల విభాగంలో బత్-ఒచిర్ బొలోర్‌తుయా కాంస్యం తెచ్చింది. మంగోలియా మహిళల కుస్తీకి అది రెండో ఒలింపిక్ పతకం. నాదమ్ బోఖ్‌లో మాత్రం ఈనాటికీ మగవాళ్లే తలపడుతున్నారు.