కార్-టీ చికిత్స: అపోహలు - వాస్తవాలు

అపోహ: అది ఒక ఇంజెక్షన్. పొద్దున చెన్నైలోనో రాయవేలూరులోనో వేయించుకుని సాయంత్రం బస్సుకు తిరుపతి వచ్చేయొచ్చు.

టీ కణాలు మన రోగనిరోధక తెల్లకణాల్లో ఒక రకం. రోగి సొంత టీ కణాలనే తీసి, క్యాన్సర్ కణాలను గుర్తుపట్టి చంపేలా ల్యాబ్‌లో మార్చి, తిరిగి రక్తంలోకి ఎక్కించడమే కార్-టీ. ఆ కణాలు ఎక్కించడానికి అరగంట కూడా పట్టదు. పనంతా దానికి ముందూ వెనకా ఉంది. మొదట ఎఫెరిసిస్ (రక్తంలోంచి కావాల్సిన కణాలను వేరుచేసే) మిషన్ మీద మూడు నాలుగు గంటలు తెల్లకణాలు తీస్తారు. మిషన్‌లో రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల కాల్షియం తగ్గి పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. వెంటనే చెబితే కాల్షియం ఇస్తారు, ఓర్చుకోవడం గొప్పేం కాదు. ల్యాబ్‌లో ఆ టీ కణాల్లోకి వైరస్ వెక్టర్‌తో (జన్యువును మోసుకెళ్లేలా మార్చిన వైరస్‌తో) కొత్త జన్యువు చేర్చి, పెంచి, పరీక్షించేసరికి వారాలు గడుస్తాయి. ఆ తర్వాత మూడు రోజులు ఫ్లుడారాబిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందులు ఇచ్చి, అప్పుడు కణాలు ఎక్కిస్తారు.

తీసిన టీ కణాల్లో సత్తువ లేకపోతే ల్యాబ్‌లో అవి పెరగవు. స్టెరాయిడ్లు నడుస్తున్నా, ఈమధ్యే బెండమస్టిన్ అనే కీమో మందు ఎక్కించినా ముందే చెప్పాలి. "ఇంకో కీమో చూసి పంపిద్దాం" అని ఆగడంతోనే కొందరికి అవకాశం చేజారుతుంది.

అపోహ: కణాలు ఎక్కించాక జ్వరమొస్తే డోలో వేసుకుని రేపటిదాకా చూడొచ్చు.

చూడకూడదు. 100.4 ఫారెన్‌హీట్ దాటితే అర్ధరాత్రయినా ఆస్పత్రికే. అది సీఆర్ఎస్ (ఎక్కించిన కణాల వల్ల రోగనిరోధక వ్యవస్థ అతిగా రెచ్చిపోవడం) కావచ్చు, ఇన్ఫెక్షనూ కావచ్చు, పైకి రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే కల్చర్లు (సూక్ష్మజీవులున్నాయేమో చూసే రక్తపరీక్షలు) తీసి, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టి, బీపీ, ఆక్సిజన్ చూస్తూ అవసరమైతే సీఆర్ఎస్‌ను అణిచే టోసిలిజుమాబ్ ఇస్తారు: కిలోకు 8 మిల్లీగ్రాములు, 800 మించకుండా. మెదడు మీద ప్రభావం ఇంకా మెల్లగా బయటపడుతుంది. రోజూ ఒక వాక్యం రాయిస్తారు, వంద నుంచి పదులు తగ్గిస్తూ లెక్కపెట్టిస్తారు. నిన్న గుండ్రంగా రాసిన చేతిరాత ఇవాళ గీతలుగా మారితే, మనిషి నవ్వుతూ మాట్లాడుతున్నా డాక్టరుకు చెప్పాల్సిందే. మదనపల్లె నుంచి వచ్చిన కుటుంబమైనా రెండు నుంచి నాలుగు వారాలు ఆస్పత్రికి దగ్గర్లోనే గది తీసుకోవాలి, తోడుగా ఒక మనిషి ఉండాలి.

అపోహ: ఏ క్యాన్సర్‌కైనా పనిచేస్తుంది.

ఇప్పటికి ప్రధానంగా కొన్ని రక్తక్యాన్సర్లకే. ఈ రక్తక్యాన్సర్లలో చాలావాటికి కార్-టీ కణాలు వెతికేది క్యాన్సర్ కణం మీదుండే సీడీ19 అనే ప్రొటీన్ గుర్తును. ఆ గుర్తు ఆరోగ్యంగా ఉన్న బీ కణాల (యాంటీబాడీలు తయారుచేసే తెల్లకణాల) మీదా ఉంటుంది. అవి పోయినా ఇమ్యునోగ్లోబులిన్ (బయటి నుంచి యాంటీబాడీలు) ఇచ్చి నెట్టుకురావచ్చు. ఊపిరితిత్తి గడ్డ మీది గుర్తులు చాలావరకు మంచి అవయవాల మీదా ఉంటాయి, అవి పోతే అలా నెట్టుకురాలేం.

అపోహ: ఈ రంగంలోకి రావాలంటే అమెరికాకే పోవాలి.

ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19 అనే కార్-టీ చికిత్సకు 2023 అక్టోబరులో మన దేశంలోనే అనుమతి వచ్చింది. ఎస్వీ మెడికల్ కాలేజీ కుర్రాళ్లకు మా సలహా: ఎండీ, ఆపైన హెమటాలజీలో గానీ ఆంకాలజీలో గానీ డీఎం. ఈలోపు ఫ్లో సైటోమెట్రీ (కణాలను వాటి గుర్తులను బట్టి లెక్కపెట్టే పరీక్ష) చేతికి రావాలి, బ్యాచ్ రికార్డు (కణాల తయారీలో ప్రతి అడుగూ రాసిపెట్టే కాగితాలు) చదవడం రావాలి. స్టెరిలిటీ (సూక్ష్మజీవులు చేరలేదని చూసే) పరీక్షలో బ్యాచ్ ఫెయిలైతే ఎక్కడ తప్పిందో ఆ కాగితాల్లోనే వెతకాలి.