కొత్త ఒపేరాకు అసలు పరీక్ష రెండో రంగస్థలం

1926 ఏప్రిల్ 25న మిలాన్‌లోని లా స్కాలా ఒపేరా మందిరంలో ‘తురందోత్’ ఒపేరాను (పాటలతో నడిచే నాటకాన్ని) తొలిసారి ప్రదర్శించినప్పుడు, స్వరకర్త పుచ్చీనీ మరణంతో రచన ఆగిపోయిన చోటనే సంగీత నిర్దేశకుడు తోస్కానీనీ వాద్యబృందాన్ని ఆపేశారు. జనం గుండెల్లో నిలిచిన ఒపేరాల పరంపర అక్కడితో ముగిసిందని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకం సరికాదు.

అంతకు నాలుగు నెలల ముందే బెర్లిన్‌లో స్వరకర్త ఆల్బన్ బెర్గ్ ‘వోట్సెక్’ వెలుగు చూసింది. ఒక పేద సైనికుడి పతనాన్ని కర్కశమైన కొత్త సంగీతంలో చెప్పిన ఆ రచనను నాజీలు నిషేధించినా, యుద్ధానంతరం అది మళ్ళీ వేదికలెక్కి ప్రధాన ఒపేరా సంస్థల్లో స్థిరపడింది. 1945 జూన్‌లో లండన్‌లో మొదలైన స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ ‘పీటర్ గ్రైమ్స్’ మూడేళ్ళలోపే న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాకు చేరింది.

తొలి ప్రదర్శనకు నిధులూ పత్రికల దృష్టీ సులభంగానే దొరుకుతాయి; కానీ గాయకులు, బృందగానం, పెద్ద వాద్యబృందం అన్నీ కావలసిన ఈ కళలో, కొత్తదనం తీరిపోయిన రచనను మరో సంస్థ సొంత ఖర్చుతో మళ్ళీ ఎత్తుకోవడమే అరుదు. 1966లో మెట్రోపాలిటన్ కొత్త భవనాన్ని ప్రారంభించిన శామ్యూల్ బార్బర్ ‘ఆంటనీ అండ్ క్లియోపాత్రా’ అంతటి ఆర్భాటంతో వచ్చి కూడా నిలదొక్కుకోలేకపోయింది.

తర్వాతి తరంలో నాకు అన్నిటికన్నా గట్టిగా కనిపించేది ఫిలిప్ గ్లాస్ ‘సత్యాగ్రహ’. 1980లో రాటర్‌డామ్‌లో మొదలైన ఈ ఒపేరా గాంధీజీ దక్షిణాఫ్రికా పోరాటాన్ని చూపిస్తుంది, పాడేది మాత్రం సంస్కృతంలో, భగవద్గీత శ్లోకాలనే. తెలుగు ఇళ్ళలో పిల్లలకు సైతం తెలిసిన ‘యదా యదా హి ధర్మస్య’ భావాన్ని చివరి అంకంలో గాంధీ పాత్ర మెట్టుమెట్టుగా పైకెక్కే ఒకే స్వరక్రమంలో పదేపదే ఆలపిస్తుంది. 2011 డిసెంబరులో మెట్రోపాలిటన్ ప్రదర్శన వేళ బయట నిరసనకారులు గుమిగూడితే, గ్లాస్ స్వయంగా వారి మధ్యకు వెళ్ళి ఆ పంక్తులను ఇంగ్లీషులో చదివారు. రంగస్థలం దాటి వీధిలో కూడా అర్థవంతంగా వినిపించే రచనకు ఆయుష్షు ఎక్కువని నా విశ్వాసం.

ఆయనదే ‘ఐన్‌స్టైన్ ఆన్ ది బీచ్’ మరింత ప్రసిద్ధం. అయితే అది రంగస్థల దర్శకుడు రాబర్ట్ విల్సన్ రూపకల్పనతో విడదీయరానంతగా ముడిపడింది. జాన్ ఆడమ్స్ ‘నిక్సన్ ఇన్ చైనా’ ఆ చిక్కును దాటింది: 1987లో హ్యూస్టన్‌లో పీటర్ సెల్లర్స్ దర్శకత్వంలో పుట్టి, 2023లో పారిస్ ఒపేరాలో మరో దర్శకురాలి చేతిలో పూర్తిగా కొత్త రూపంలో నిలబడింది. 2012 నాటి జార్జ్ బెంజమిన్ ‘రిటన్ ఆన్ స్కిన్’ కూడా ఇప్పటికే అదే దారి పట్టింది.