మేజర్ 6 కార్డ్: అపోహలు - వాస్తవాలు

కీబోర్డ్ క్లాసులో ఎక్కువసార్లు వినే ప్రశ్న ఇది: “సార్, సి6 అన్నా ఎ మైనర్ 7 అన్నా నొక్కేవి అవే నాలుగు మెట్లు కదా, మళ్లీ రెండు పేర్లెందుకు?” కార్డ్ అంటే ఒకేసారి పలికించే స్వరాల గుంపు; సి6 అంటే సి మేజర్ 6 కార్డ్.

అపోహ: రెండూ ఒకటే.

మెట్లు ఒకటే. సి, ఇ, జి, ఎ. సి మీద శ్రుతి పెడితే స, గ, ప, ద. గాంధారం అంతరం, ధైవతం చతుశ్రుతి. ఇప్పుడు ఎడమ చేత్తో కింద సి పట్టి, కుడి చేత్తో ఇ, జి, ఎ వాయించండి. షడ్జమం మీద నిలబడ్డట్టే ఉంటుంది, కాస్త తీపి తగిలి. తర్వాత ఎడమ చెయ్యి ఎ మీదికి జరిపి, పైన సి, ఇ, జి పట్టండి. రంగు మారిపోతుంది.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పేస్తాను: గ్రహభేదం, అంటే రాగంలోని వేరే స్వరాన్ని షడ్జమం చేసుకోవడం. మోహన రాగంలో ధైవతాన్ని షడ్జమం చేసుకుంటే శుద్ధ ధన్యాసి పలుకుతుంది కదా, ఇదీ అంతే. ద స అయితే పాత స సాధారణ గాంధారం, పాత గ పంచమం, పాత ప కైశికి నిషాదం అవుతాయి. అదే మైనర్ 7. సి6కి రి కూడా చేరిస్తే 6/9 కార్డ్; మోహనం ఐదు స్వరాలూ అందులోనే ఉంటాయి. అలాగని మోహనం ఆలాపన కింద దాన్ని పరిచేయకండి, గమకం మునిగిపోతుంది. స, ప చాలు.

బేస్‌తో (అన్నిటికంటే కింద పలికే స్వరంతో) పాటు కార్డ్ తర్వాత ఎటు వెళుతోందో కూడా చూడాలి. సి మేజర్‌లో ఎఫ్, ఎ, సి, డి వాయించి సి మీదికి దిగితే ఎఫ్6లా వినిపిస్తుంది. జి మీదికి వెళితే డి మైనర్ 7 అనిపిస్తుంది. 18వ శతాబ్దంలోనే ఫ్రాన్స్‌లో సంగీతకర్త, సిద్ధాంతకర్త రామో ఈ రెండు వేషాల సంగతి పట్టుకుని ‘డూబ్ల్ ఆంప్లువా’ (రెండు రకాల వాడకం) అని పేరు పెట్టాడు.

అపోహ: 6 అని రాస్తే ఫస్ట్ ఇన్వర్షన్ (గాంధారం కిందికి వచ్చిన మామూలు మూడు స్వరాల కార్డ్).

పాత ఫిగర్డ్ బేస్‌లో (బేస్ స్వరం కింద అంకెలు వేసి కార్డ్ చెప్పే పద్ధతిలో) అంతే, బేస్ ఇ కింద 6 ఉంటే ఇ, జి, సి. కార్డ్‌ల పేర్లు రాసే చార్టులో సి6 అంటే నాలుగు స్వరాలు. ఏ పద్ధతి కాగితమో ముందు చూసుకోండి.

అపోహ: సి మైనర్ 6లో ఆరో స్వరం కూడా మైనర్.

కాదు! మైనర్ అన్నది గాంధారానికి. ధైవతం చతుశ్రుతే, శుద్ధ ధైవతం కాదు. చార్ట్ చూసి వాయించేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

అపోహ: మేజర్ 6 పాతకాలం జాజ్ ముగింపు.

ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ 1963లో ‘షీ లవ్స్ యూ’ను జి6 మీద ముగిస్తామంటే నిర్మాత జార్జ్ మార్టిన్ కూడా పాతవాసన అన్నాడు. వాళ్లు వినలేదు, మంచిదైంది.

అపోహ: గిటార్‌లో సి6 పడితే నాలుగు స్వరాలూ పలుకుతాయి.

చాలామంది పట్టే ఆకారం: ఐదో తీగ 3, నాలుగు 2, మూడు 2, రెండు 1, మొదటిది ఓపెన్. లెక్కపెట్టండి: సి, ఇ, ఎ, సి, ఇ. జి ఏదీ? అయినా కింద సి ఉండటంతో పని జరిగిపోతుంది.

అపోహ: మేజర్ 7 వస్తే 6 అక్కర్లేదు.

గాయని తారషడ్జమం పట్టి నిలిచినప్పుడు మీరు సి మేజర్ 7 వాయించి చూడండి. మీ కార్డ్‌లోని కాకలి నిషాదం (బి) ఆవిడ స పక్కనే అర స్వరం దూరంలో రాసుకుంటుంది. అక్కడ ని తీసేసి ద పెట్టండి. ఆవిడ గొంతుకు అడ్డు ఉండదు, కార్డ్ బోసిపోదు.