గ్రానైటులో అణువ్యర్థాలు: వివాదానికి మూలం ఎక్కడ?

అణువిద్యుత్తు వ్యర్థాలను భూగర్భ గ్రానైటులో పాతిపెట్టవచ్చా అన్న వాదన మళ్ళీ మొదలైంది. 2012లో కూడంకుళం అణువిద్యుత్ కేంద్రం కేసులో వ్యర్థాలు దాచే చోటుగా కోలార్ బంగారు గనుల పేరు సుప్రీంకోర్టు దాకా వెళ్ళడం, కోలార్ జనం వీధుల్లోకి రావడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. గ్రానైటు గట్టిదనాన్ని ఎవరూ కాదనరు; పగుళ్ళలో పారే నీటిలో కరిగిన రేడియోధార్మిక మూలకాలను అది ఎంతకాలం ఆపగలదన్నదే తేలాలి.

ఈ వాదన మలుపు తిరిగింది 1980లో. అంతకు ముందు లెక్కలన్నీ పగులు గోడలకు అంటుకునే పదార్థం చుట్టూనే తిరిగేవి. స్టాక్‌హోమ్ శాస్త్రవేత్త ఇవార్స్ నెరెట్నిక్స్ ఆ ఏడాది రాసిన పత్రం మరో దారి చూపింది. గ్రానైటు రేణువుల మధ్య ఉండే సూక్ష్మరంధ్రాలు రాతి ఘనపరిమాణంలో ఒక శాతం కూడా ఉండవు, కానీ వాటిలో నిశ్చలంగా ఉన్న నీటిలోకి మూలకాలు మెల్లగా వ్యాపించి, నల్ల అభ్రకం వంటి ఖనిజాలకు అంటుకుంటాయి. దాంతో పగులు పక్కనున్న రాయంతా నిల్వ స్థలంగా లెక్కలోకి వచ్చింది, రాతిపై నమ్మకమూ అమాంతం పెరిగింది.

అయితే అన్ని మూలకాలూ ఒకేలా నడవవు. స్విట్జర్లాండ్‌లోని గ్రిమ్సెల్ భూగర్భ ప్రయోగశాలలో 2007 నుంచి రెండేళ్ళకు పైగా సాగిన ప్రయోగంలో ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) అన్నిటికంటే లోపలికి పోయింది, సోడియం అంతకు తక్కువ, సీజియం మరీ తక్కువ. 1.57 కోట్ల ఏళ్ళ అర్ధాయువు (సగానికి తరగడానికి పట్టే కాలం) గల అయోడిన్-129 ఋణావేశంతో ఉండటం వల్ల రాతికి దాదాపు అంటుకోదు.

అభ్యంతరం చెప్పేవారి మాట ఇక్కడే బరువెక్కుతుంది. అంటుకునే గుణాన్ని చాలాసార్లు పొడి చేసిన రాతి మీద కొలుస్తారు. పొడి చేయగానే కొత్త ఉపరితలాలు బయటపడి అంకె పెరుగుతుంది. పైకి తీసిన రాతి ముక్కపై ఒత్తిడి తొలగడంతో రంధ్రాలూ విచ్చుకుంటాయి. అన్నిటికీ మించి, పారే నీరు ఎంత రాతిని తాకుతుందో ముందుగా చెప్పడం కష్టం. హైదరాబాదులో ఒక ఇంటి బోరులో నీళ్ళు ధారాళంగా పడి, పక్క ప్లాటులో వెయ్యి అడుగులు దింపినా దుమ్మే రావడం మనం చూస్తూనే ఉన్నాం: గ్రానైటులో నీరు కొద్దిపాటి పగుళ్ళనే పట్టుకుని పోతుంది. యురేనియం సంగతి మరీ ఇబ్బందికరం. మన బోరు నీటిలో పుష్కలంగా ఉండే బైకార్బొనేటు, ఆక్సిజన్ తోడైతే, దాన్ని కరిగిన రూపంలోనే ఉంచి రాతికి అంటుకోనివ్వదు. లోతున ఆక్సిజన్ ఉండదు కాబట్టి యురేనియం అక్కడ కరగదని అణుశాస్త్రవేత్తలు అంటారు. అది నిజమే, ఆ లోతుకు పైనీరు చేరనంత వరకు.

మన దేశంలో రుజువుగా చూపేది కోలార్‌లో 1980లలో సుమారు 1000 మీటర్ల లోతున జరిపిన హీటరు పరీక్షనే. అది వేడికి రాయి ఎలా స్పందిస్తుందో కొలిచింది. కరిగిన సీజియం, యురేనియం ఆ రాతిలో ఎంత దూరం పోతాయన్నది దాని పరిధిలో లేదు. పైగా బంగారం దొరికిన ఆ రాయి ప్రధానంగా యాంఫిబొలైటు అనే వేరే రకం శిల, గ్రానైటు కాదు.